పైడి ఎందుకు తన్నింది: మా పాల మిషన్ ప్రాజెక్టు డైరీ

జూన్ 9

పైడి తన్నే ఆవు కాదు. మూడు ఈతల నుంచి చూస్తున్నాను, పక్కన పిడుగు పడినా నెమరు ఆపదు. అలాంటిది ఈ వారంలో రెండుసార్లు చన్నులకి మిషన్ కప్పులు తగిలిస్తుండగానే కాలు విసిరింది. ఈరోజు తెల్లవారుజామున మూడోసారి విసిరితే క్లస్టర్ (నాలుగు కప్పుల గుత్తి) వెళ్ళి పేడలో పడింది. కడిగి మళ్ళీ పెట్టి, ఎలాగో పాలు తీసి, కప్పులు విప్పాక అత్తయ్య టార్చి వేసి చూపించింది.

"ఇటు సూడు పిల్లా, సన్ను నేరేడుపండు నాగుంది."

నిజంగానే నీలంగా ఉంది. చన్ను మొదట్లో, పొదుగుకి ఆనేచోట, దారం బిగించి కట్టినట్టు చుట్టూ గీత. వేలితో నొక్కితే మొన గట్టిగా తగిలింది. "మిషనొచ్చిన కాడ్నుంచీ ఇంతే. సేత్తో పితికినన్నాళ్ళూ ఒక్క సన్నైనా ఇలగయ్యిందా?" అంది అత్తయ్య. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ కప్పులు తీశాక నేను చూసింది క్యాన్‌లో పాలనే తప్ప చన్నుల్ని కాదు.

మాది విశాఖపట్నం పక్కన ఆనందపురం దగ్గర పల్లె. పాలిచ్చేవి 14: హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసులు తొమ్మిది, జెర్సీ క్రాసులు ఐదు. పాలు మా ఆయన వ్యాన్‌లో మధురవాడ అపార్ట్‌మెంట్లకు వేస్తారు. అత్తయ్య మణికట్టు నొప్పి ఎక్కువై, పితకడానికి మనిషి దొరక్క, 14 నెలల కిందట మిషన్ కొన్నాం. ట్రాలీ మీద ఒక మోటారు, రెండు క్యాన్లు, రెండు క్లస్టర్లు. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. అమ్మేద్దామని అత్తయ్య, ఉంచుదామని నేను. మా ఆయన ఏ పార్టీయో వంట ఎవరు చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. "అక్కా, లెక్క లేకపోతే గొడవొక్కటే మిగులుద్ది. ముందు అన్ని చన్నులూ చూసి పుస్తకంలో రాయి, ఆదివారం గేజ్ పట్టుకొస్తా" అన్నాడు. ఆ పుస్తకమే ఇది.

జూన్ 11

మొత్తం 55 చన్నులు. 14 ఆవులకి 56 ఉండాలి కానీ సత్తెమ్మకి ఒకటి పాత పొదుగువాపులో ఎండిపోయింది.

రెండు రకాలుగా చూశాను. మొదటిది కప్పు తీసిన నిమిషంలోపు చూడాల్సినది: రంగు మారిందా, మొదట్లో గీత పడిందా, మొన గట్టిగా ఉందా. ఇది ఆ పూట మిషన్ చేసిన పని. కాసేపట్లో మామూలైపోతుంది కాబట్టి ఆలస్యం చేస్తే ఏమీ కనపడదు. రెండోది మొనకు పట్టిన కాయ. అరచేతికి గునపం కాయ కాసినట్టే, రోజూ పీల్పు తగిలేచోట చర్మం మందమవుతుంది. ఇది వారాలూ నెలలూ పట్టే వ్యవహారం.

కాయకి ప్రపంచమంతా నాలుగు మెట్లే వాడతారు: ఉంగరం లేనిది, నున్నటి ఉంగరం, గరుకు ఉంగరం, బాగా గరుకైనది. నా పుస్తకంలో నున్న, ఉంగరం, గరుకు, ముద్దబంతి అని రాసుకున్నాను. పూల మార్కెట్‌కి పేరున్న ఆనందపురం వాళ్ళం, పూల పేరు పెట్టకపోతే ఎలా? నిజంగానే నాలుగో మెట్టులో మొన చుట్టూ చర్మం రేకలు రేకలుగా లేచి బంతిపువ్వులా ఉంటుంది. చూడటానికి ముచ్చటగా ఉందనుకునేరు. చన్ను రంధ్రం పొడవు రమారమి ఒక సెంటీమీటరు. లోపల మైనంలాంటి కెరటిన్ పొర ఉంటుంది, పొదుగుకి తలుపూ గొళ్ళెమూ అదే. మొన రేకలు లేస్తే తలుపు సరిగ్గా పడదు, రేకల మధ్య పేడా క్రిములూ కాపురం పెడతాయి.

లెక్క ఇదీ. నున్న 12, ఉంగరం 19, గరుకు 17, ముద్దబంతి 7. చివరి రెండూ కలిపితే 24, అంటే నూటికి 43 పైన. నూటికి 20 దాటితే మిషన్‌నో, మిషన్ వాడే మనిషినో అనుమానించాలంటారు. కప్పు తీయగానే రంగు మారినవి 19.

రాస్తూ ఉంటే ఇంకోటి కంటపడింది. పశువుల సాలలో రెండు వరసలు. ఎడమ వరసకి ఎప్పుడూ రెండో నంబరు క్లస్టరే పెడతాను, గొట్టం అటే అందుతుంది కాబట్టి. ఆ 24లో 16 ఎడమ వరసవే. ఆవులు ఎటు కట్టేస్తే అటు నిలబడతాయి, వాటి జబ్బులు వరస చూసుకుని రావు కదా.

జూన్ 14, ఆదివారం

తమ్ముడు గేజ్‌తో పాటు టి-జాయింటూ రెండు మూరల గొట్టమూ తెచ్చాడు. ట్రాలీ మీద మా మీటరు వాక్యూమ్, అంటే మిషన్ పీల్పు, 44 కిలోపాస్కల్ చూపిస్తోంది. వాడు అద్దం మీద గోటితో కొట్టాడు. ముల్లు ఎగిరి 48కి వెళ్ళి కూర్చుంది. వాడి గేజ్ పెడితే 50. అంటే ఇన్నాళ్ళూ ఆ మీటరు మాకు అబద్ధం చెప్తోంది, మేమేమో దాన్ని రోజూ శ్రద్ధగా చూస్తున్నాం.

వాక్యూమ్ పెరగడానికి కారణం రెగ్యులేటర్. పీల్పు ఎక్కువైనప్పుడు అది బయటి గాలిని లోపలికి వదిలి సరిచేయాలి. దాని మూతి తవుడు దుమ్ముతో అట్టకట్టుకుపోయింది. ట్రాలీని దాణా బస్తాల పక్కన నిలబెట్టింది నేనే. కిరోసిన్‌తో కడుగుతానన్నాను. రబ్బరు పాడవుతుంది అని తిట్టి, బ్రష్షుతో దులిపి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. స్క్రూ తిప్పి 42కి పెట్టాం. తర్వాత పాలు జోరుగా వచ్చే సమయంలో క్లా (నాలుగు కప్పుల పాలూ వచ్చి కలిసే గిన్నె) దగ్గర టి-జాయింట్ పెట్టి చూస్తే 37. అక్కడ 35కీ 42కీ మధ్య ఉండాలి, చన్నుకి నిజంగా తగిలే పీల్పు అదే. మోటారు దగ్గర మీటరు ఎంత చూపించినా చన్నుకి దాంతో పని లేదు.

ఒకటో నంబరు క్లా మీద గాలి వెళ్ళే సన్నటి చిల్లు పాలమీగడతో మూసుకుపోయి ఉంది. పిన్నీసు మొన పెట్టబోతే చిల్లు పెద్దదవుతుందని మళ్ళీ తిట్టాడు. వేడినీళ్ళలో నానబెట్టి నైలాన్ పోగుతో తీశాం. ఆ చిల్లు మూసుకుంటే పాలు క్యాన్‌కి పరిగెత్తకుండా క్లాలోనే నిండి చన్నుల్ని తడుపుతాయి, కప్పులు తీసేటప్పుడు కూడా ఊడి రావు. ఒకటో నంబరు కప్పులు పీకి తీయాల్సి వస్తోందని నేను ఆరు నెలలుగా అంటూనే ఉన్నాను. అనడమే, చూడలేదు.

జూన్ 15

తమ్ముడు రాత్రి ఉండిపోయాడు. పొద్దున పల్సేటర్లు (కప్పుల్లో లాగుడునీ నొక్కునీ మార్చి మార్చి నడిపే భాగాలు) చూశాం.

పరీక్షకి పరికరం బొటనవేలే. మూడు కప్పులకి బిరడా పెట్టి, నాలుగో దాంట్లో వేలు పెట్టి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని నొక్కులు లెక్కపెట్టడం. ఒకటో నంబరు 58. 60కి దగ్గరే, పరవాలేదు. రెండో నంబరు 44. లెక్క సంగతి అలా ఉంచితే, ఒకటో దాంట్లో వేలిని ఎవరో పట్టి వదులుతున్నట్టు తెలుస్తోంది. రెండో దాంట్లో లాగడం తెలుస్తోంది కానీ నొక్కు దాదాపు లేదు.

కప్పులో జరిగేది ఇది. బయట స్టీలు గుల్ల, లోపల రబ్బరు లైనర్, రెండిటి మధ్య ఖాళీ. పల్సేటర్ ఆ ఖాళీలోంచి గాలి లాగినప్పుడు లైనర్ తెరుచుకుని పాలు వస్తాయి. గాలి వదిలినప్పుడు లైనర్ మూసుకుని చన్నుని నొక్కుతుంది. నిమిషానికి 60 సార్లు, 60:40 పాళ్ళలో అనుకుంటే, ప్రతి సెకనులో ఆరు పాళ్ళు లాగడం, నాలుగు పాళ్ళు నొక్కడం. లాగినప్పుడు పాలతోపాటు రక్తమూ నీరూ మొనకి దిగుతాయి. నొక్కినప్పుడు అవి వెనక్కి వెళ్ళాలి. నొక్కు లేకపోతే దిగింది దిగినట్టే ఉంటుంది. ఆ నేరేడు రంగు అదే.

రెండో పల్సేటర్ విప్పితే గాలి వెళ్ళే దారిలో మట్టి. గట్టిగా, నున్నగా, చేత్తో అద్దినట్టు. కుమ్మరి పురుగు (మట్టిగూడు కట్టే కందిరీగ) గూడు! వానాకాలం ముందు అవి తాళం కప్పల్లో, స్విచ్చు బోర్డు కన్నాల్లో కట్టుకుంటాయని తెలుసు. పల్సేటర్ దానికి చక్కటి వాటా ఇల్లులా కనిపించి ఉంటుంది. దారి సగానికి పైగా మూసుకుపోయింది. గాలి మెల్లగా చొరబడేసరికి లైనర్ మూసుకునే లోపే మళ్ళీ లాగుడు మొదలవుతోంది. ఎడమ వరస ఆవులన్నీ ఎన్నాళ్ళుగా అలా ఊపిరి సలపని పీల్పు మీద ఉన్నాయో.

శుభ్రం చేసి బిగించాక 60. సాయంత్రం పైడి కదల్లేదు. కప్పు తీశాక చన్ను లేత గులాబీ రంగు.

అత్తయ్యకి నొక్కు గురించి చెప్పడానికి తమ్ముడు పాత కథ ఎత్తాడు. 1889లో స్కాట్లండ్‌లో మర్చ్‌లాండ్ అనే ఆయన చేసిన మిషన్ ఆపకుండా ఒకటే పీల్పు పీల్చేదట. 1895లో అక్కడే షీల్డ్స్ అనే ఆయన ఆపి ఆపి పీల్చేటట్టు పల్సేటర్ పెట్టాడు. అత్తయ్య విని, "దానికి అంత సదువెందుకు, దూడని సూస్తే సాలదా? మింగేటప్పుడు పీకదు కదా" అంది. తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టి, "అత్తా, నువ్వు ముందే పుట్టుంటే బాగుండేది" అన్నాడు.

జూన్ 21, ఆదివారం

లైనర్లు మార్చాం. అమ్మినప్పుడు షాపతను "రెండేళ్ళు చూడక్కర్లేదమ్మా" అన్నాడు. బయటికి బాగానే ఉన్నాయి. కోసి తిరగేస్తే లోపల ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు, వేలు పెడితే జిడ్డు. పాలకొవ్వు పీల్చుకుని రబ్బరు ఉబ్బుతుంది, బిగువు పోతుంది, నోరు గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బిగువు లేని లైనర్ మూసుకోవాల్సినంత వేగంగా మూసుకోదు.

రబ్బరు లైనర్‌కి లెక్క 2500 పితుకుళ్ళు, లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. మాకు రెండు క్లస్టర్లు, 14 ఆవులు, రోజుకి రెండు పూటలు. అంటే ఒక్కో క్లస్టర్ మీద రోజుకి 14 పితుకుళ్ళు. 2500ని 14తో భాగిస్తే 178 రోజులు. మేము వాడింది 14 నెలలు, దగ్గర దగ్గర 5880 పితుకుళ్ళు. చెప్పుల అరుగుదల కంటికి కనిపిస్తుంది కాబట్టి మారుస్తాం, దీనిది కనిపించదు.

సిలికాన్‌వి ఎక్కువ కాలం వస్తాయి, ఖరీదూ ఎక్కువే. ప్రస్తుతానికి రబ్బరువే తీసుకున్నాను. ఈసారి నోటి కొలత చూసి తెచ్చాను. మా జెర్సీ క్రాసుల చన్నులు సన్నం, పాతవి వాటికి వదులు.

జూన్ 28

రంగు మారినవి 19 నుంచి 6కి వచ్చాయి. గంతులేయాల్సిన మాటే, కానీ తమ్ముడు ఫోన్‌లో ఒక ప్రశ్న వేసి గాలి తీశాడు. "ఏది చేస్తే తగ్గిందక్కా? వాక్యూమా, పల్సేటరా, లైనరా?" తెలీదు. వారం తేడాలో అన్నీ చేసేశాం. ఒక్కోటి చేసి పది రోజులు ఆగి రాస్తే తెలిసేది. ఆవు నొప్పితో తన్నుతుంటే ప్రయోగం కోసం కుమ్మరి పురుగు గూడు అలాగే ఉంచుతామా అని వాదించాను కానీ, పుస్తకం కోసమైతే వాడిదే రైటు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మిగిలిన ఆరులో నాలుగు కుడి వరసవి. ఆ వరస పల్సేటర్ మొదటి నుంచీ బాగానే ఉంది. అందులో రెండు గౌరివి. గౌరి గుమ్మం పక్క ఆవు, అన్నిటికన్నా ముందు కప్పులు పెట్టేది దానికే.

జూలై 5

ఈ వారమంతా ఫోన్ టైమర్ పట్టుకుని సాలలో తిరిగాను. మిషన్‌ని వదిలి నన్ను నేను కొలుచుకున్నాను.

మా క్లా పారదర్శకంగా ఉంటుంది, పాలు కనపడతాయి. గౌరికి నేను చేసేది ఇది: పొదుగు మీద ఒక చెంబు నీళ్ళు కొట్టి, గుడ్డతో ఒక రుద్దు రుద్ది, కప్పులు. పది సెకన్లు కూడా పట్టదు. కప్పులు పెట్టగానే పాలు వస్తాయి, "చూశారా ఎంత జోరో" అనుకుంటాను. అర నిమిషానికి జోరు పడిపోయి నురగ మాత్రమే. మళ్ళీ నలభై సెకన్లకి అసలు పాలు దూకుతాయి. మధ్యలో ఆ నలభై సెకన్లు మిషన్ ఖాళీ చన్నుని పీలుస్తోంది.

ఎందుకో అత్తయ్యకి తెలుసు. "సేపకుండా పితికితే ఏటొస్తాది?" అంది. మాట అంతే. చేపు. మొదట వచ్చే కాసిని పాలు పొదుగు అడుగున చేరి ఉన్నవి. మిగతావి పైన సన్నటి తిత్తుల్లో ఉంటాయి. పొదుగుని తాకినప్పుడు మెదడు నుంచి ఆక్సిటోసిన్ వచ్చి ఆ తిత్తుల్ని పిండితేనే పాలు దిగుతాయి. దానికి నిమిషం నుంచి నిమిషంన్నర పడుతుంది. చేతి పితుకుడులో దూడని వదిలి, అది నాలుగు కుమ్ములు కుమ్మి, దాన్ని లాగి కట్టేసి, చెంబు తెచ్చుకుని కూర్చునే లోపు ఆ నిమిషంన్నర దానంతటదే గడిచిపోయేది. మిషన్ వచ్చాక దూడని మానిపించాం, చెంబు మానేశాం, ఆ నిమిషమూ మాయమైంది. ఆవు చేపే దాకా చెయ్యి ఆగుతుంది, మోటారు ఆగదు. (ఇంజెక్షన్ వేసి చేపించే పద్ధతి మా ఇంట్లో లేదు, రానివ్వను కూడా.)

కొత్త పద్ధతి: పొదుగంతా తడపడం లేదు, చన్నులే తుడుస్తున్నాను. ఒక్కో చన్ను నుంచి నాలుగేసి తొలి ధారలు నల్లటి గిన్నెలోకి పితికి, గడ్డలు ఉన్నాయేమో చూసి, ఒక్కో ఆవుకి వేరే గుడ్డతో పొడిగా తుడిచి, పక్క ఆవుకీ అదే చేసి, వెనక్కి వచ్చి కప్పులు పెడతాను. చూసుకుంటే 70, 80 సెకన్లు అవుతోంది. ఇప్పుడు పాలు ఒకే ఊపులో వస్తున్నాయి, మధ్యలో నురగ లేదు. పని పెరుగుతుందని భయపడ్డాను కానీ ఆవుకి నిమిషంన్నర దాకా మిషన్ మీద తగ్గింది.

జూలై 12

పితుకుడు మొదలు సంగతి సరే, ముగింపు మరీ ఘోరం. ఆరు ఆవుల్ని టైమర్ పెట్టి చూశాను. పాలు ఆగిపోయేది ఐదున్నర, ఆరు నిమిషాలకి. నేను కప్పులు తీసేది తొమ్మిదో నిమిషంలో. గౌరికి పన్నెండు, ఎందుకంటే దానికి పెట్టి తవుడు కలపడానికి వెళ్తాను. పాలున్నప్పుడు చన్నుని తగిలే పీల్పుని పాలే కొంత మింగుతాయి. పాలు ఆగాక పీల్పు మొత్తం చర్మం మీదే. రోజుకి రెండు పూటలు, పూటకి మూడు నిమిషాలు ఉత్త పీల్పు. ముద్దబంతి ఎందుకు పూయదు?

ఇక్కడే అసలు గొడవ. పాలధార సన్నబడగానే కప్పులు తీసేద్దామని నేను. "పొదుగులో పాలొదిలీడమా? ఆఖరి పాలల్లోనే కదే ఎన్న! ఒదిలితే పొదుగు గెడ్డకడతాది" అని అత్తయ్య. వెన్న సంగతి ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, చివరి పాలే చిక్కన. ఆవిడ చూసే వరస అయితే క్లాని చేత్తో కిందికి నొక్కి మరీ ఆఖరి చుక్క లాగుతుంది. అలా నొక్కినప్పుడు లైనర్ పక్క నుంచి గాలి చొరబడుతుందనీ, ఆ గాలి పాల తుంపరని ఎదురు చన్ను మొన మీదకి విసిరి కొడుతుందనీ చెప్పాను. "నీకు యెవులు సెప్పారు?" అంది. తమ్ముడు అన్నాను. తమ్ముడి మీద ఆవిడకి అభిమానం కాబట్టి అక్కడితో ఆగింది.

రాజీ ఇలా కుదిరింది. పైడినీ నూకాల్నీ పది రోజులు నా పద్ధతిలో తీస్తాను. కప్పులు తీశాక ఆవిడ చేత్తో పితికి ఎన్ని మిగిలాయో కొలుస్తుంది. పొదుగు గట్టిపడితే మిషన్ అమ్మేస్తాం.

జూలై 23

పది రోజులూ అయ్యాయి. మిగిలినవి పూటకి ఒక చిన్న గ్లాసు, 200 నుంచి 250 మిల్లీలీటర్లు, నాలుగు చన్నులకీ కలిపి. పొదుగు గట్టిపడలేదు. పైడి రోజు పాలు అంతకుముందు పది రోజుల సగటు 11.4 లీటర్లు, ఈ పది రోజుల్లో 11.3. అత్తయ్య పుస్తకం తీసుకుని అంకెల్ని వేలితో తడిమి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున గౌరి దగ్గర నిలబడి, "పాలైపోనాయి, తియ్యవేటి?" అని నన్నే కేకేసింది.

తీసే తీరు కూడా మార్చాం. ముందు వాక్యూమ్ కట్ చేసి, రెండు సెకన్లు ఆగితే కప్పులు వాటంతటవే జారతాయి. పీల్పు ఉండగా లాగితే చన్నుకి దెబ్బ, పైగా ఆ చప్పుడుకే ఆవు బెదురుతుంది.

జూలై 27

సత్తెమ్మ తొలి ధారల్లో చిన్న గడ్డలు. 1962కి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి పశువుల అంబులెన్స్ వచ్చింది. డాక్టర్ గారు చూసి మందు రాశారు. ఆ పాలు మనుషులకి పొయ్యొద్దని, ఆఖరి మందు వేశాక ఎన్ని రోజులు ఆగాలో కూడా రాసిచ్చారు. మిగతా ఆవుల్ని మీరే చూసుకోవచ్చమ్మా అని బట్టల సబ్బుపొడి పరీక్ష చెప్పారు. అర లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల డిటర్జెంట్ పొడి కలిపి, నాలుగు చిన్న మూతల్లో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పితికి, అంతే కొలత సబ్బునీళ్ళు పోసి మెల్లగా తిప్పాలి. మంచి పాలు నీళ్ళలాగే ఉంటాయి. తెల్లకణాలు పెరిగిన పాలు జిగురుగా, గంజిలా చిక్కబడతాయి. బయటికి వాపు లేకపోయినా లోపల రాజుకుంటోందని అర్థం.

సత్తెమ్మని వదిలేస్తే 52 చన్నులు. నాలుగు చిక్కబడ్డాయి. ఆ నాలుగింట్లో మూడింటికి మొన ముద్దబంతే. నాలుగోది నున్నటిది, దాని సంగతి వేరే ఏదో ఉంది. పేడ, ఈగలు, తడి నేల కూడా ఉన్నాయి కదా, అన్నీ మిషన్ నెత్తిన రుద్దలేం.

డాక్టర్ గారి సలహాతోనే పితికాక చన్నులు ముంచే మందు మొదలుపెట్టాం. నాలుగు పాళ్ళు పోవిడోన్ అయొడిన్, ఒక పాలు గ్లిజరిన్. గ్లిజరిన్ చర్మాన్ని మెత్తబరుస్తుంది. ఇంకోటి, కప్పులు తీయగానే గడ్డి వేస్తున్నాం. చన్ను తలుపు పడటానికి అరగంట పైనే పడుతుంది, అంతసేపూ ఆవు నిలబడి మేస్తే మొన పేడలో ఆనదు. గడ్డి ఎలాగూ వేసేదే, పితకక ముందు వేసేవాళ్ళం.

ఆగస్టు 16

నూకాలు పేచీ పెడుతోంది. కప్పులు కీచుమని జారుతున్నాయి. వాక్యూమ్ 42కి దించడం వల్లేమో అని మళ్ళీ 46 చేయబోయి ఆగాను. కూర్చుని చూస్తే తప్పు గొట్టానిది. క్యాన్ వెనక పెడితే గొట్టం బిగుసుకుని క్లస్టర్‌ని ఒక పక్కకి లాగుతోంది, బరువంతా ముందు చన్ను మీద. క్యాన్ ముందుకి జరిపి, గొట్టాన్ని కాస్త వదులుగా కొక్కేనికి వేశాక కీచులు పూటకి ఒకటో రెండో. వాక్యూమ్ 43 చేశాను, అంతే.

కాయ లెక్క మళ్ళీ తీశాను. గరుకు 15, ముద్దబంతి 5. మొత్తం 20. రెండు నెలలకి నాలుగు తగ్గాయి. నీరసం వచ్చింది. తమ్ముడు "అరచేతి కాయ పోడానికెన్నాళ్ళు?" అన్నాడు. వాడివన్నీ ఇలాంటి ప్రశ్నలే.

సెప్టెంబర్ 19

రాత్రంతా వాన, ఈదురుగాలి. మూడున్నరకి సాలలోకి వెళ్ళాం, నాలుగుంపావుకి కరెంటు పోయింది. కప్పులు ధడాలున పడ్డాయి. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబర్‌లో, రోజుల తరబడి కరెంటు లేక ఎలా బతికామో అత్తయ్య చెప్తూనే చేత్తో పితకడం మొదలుపెట్టింది. నేను కూడా కూర్చున్నాను. నాకు బొటనవేలు మడిచి పితికే అలవాటు. "అలగ మడిస్తే సన్ను నలుగుద్ది, గుప్పిటితో పట్టు" అని చేతి మీద కొట్టింది. చేత్తో పితికితే చన్ను పాడవదన్నది కూడా ఎవరి చెయ్యి అన్నదాని మీదే ఉందన్నమాట. ఆవిడ ముందు ఆ మాట అనలేదు.

ఐదో ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. కరెంటు ఆరుకి వచ్చింది. వ్యాన్ రెండు గంటలు ఆలస్యం, అపార్ట్‌మెంట్ల నుంచి ఫోన్లే ఫోన్లు.

అక్టోబర్ 4

గౌరిని వట్టికి వదిలాం (పాలు తీయడం ఆపేశాం), ఇప్పుడు 13 ఆవులు, 51 చన్నులు. నున్న 17, ఉంగరం 23, గరుకు 9, ముద్దబంతి 2. చివరి రెండూ కలిపి 11, నూటికి 21 పైన. 20కి దిగాలంటే ఇంకొక్కటి తగ్గాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను: గౌరికి మూడు గరుకులు ఉండేవి. అది లెక్కలోంచి తప్పుకోవడం వల్లే అంకె ఇంత అందంగా కనిపిస్తోంది. దాన్నీ కలుపుకుంటే 55కి 14, నూటికి 25 పైన. కప్పు తీయగానే రంగు మారేవి మాత్రం రెండే, ఆ రెండూ నూకాలివి. దాని చన్నులకి ఈ లైనర్ కూడా వదులేనేమో, వచ్చేసారి ఇంకో కొలత తెచ్చి చూడాలి.

పల్సేటర్ గాలి దారికి పాత దోమతెర ముక్క కట్టాం. ట్రాలీ ఇప్పుడు దాణాకి దూరంగా, గోడ పక్కన. నెలకోసారి వేలు పెట్టి లెక్కపెట్టడం మా ఆయనకి అప్పజెప్పాను.

లైనర్లు మార్చాల్సిన తేదీ జూన్ 21 నుంచి 178 రోజులకి, డిసెంబర్ 16. గౌరి లేదు కాబట్టి లెక్కకి ఇంకో వారమో పది రోజులో ఆగొచ్చు కానీ ఆరు నెలలూ అప్పటికే నిండిపోతాయి. మర్చిపోకుండా గోడ క్యాలెండర్‌లో రాద్దామని డిసెంబర్ కాగితం తిప్పాను. ఆ గడిలో నెలగంట అని ముందే అచ్చు వేసి ఉంది. దాని పక్కన అత్తయ్య బొగ్గుతో, వంకర అక్షరాలతో రాసేసింది: రబ్బర్లు.